12 సెంట్ల తోటకు ఏ రేక్ కొనాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: చంద్రగిరి వైపు 12 సెంట్లలో ఇల్లు. ముందర కార్పెట్ గ్రాస్ లాను, పక్కన మూడు మామిడి చెట్లు, ఒక వేపచెట్టు, వెనక టమాటా, వంగ, ఆకుకూరల మళ్ళు, గేటు నుంచి వసారా దాకా కంకర దారి. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ రేక్, అదే కట్టెకు పళ్ళుండి ఆకులు లాగే పనిముట్టు, రెండు నెలలకే సగం పళ్ళు రాల్చుకుంది. అమ్మ మళ్ళీ పొరక పట్టింది, నడుము నొప్పి అంటోంది. అన్ని పనులకీ పనికొచ్చే గట్టి రేక్ ఒక్కటి చెప్పమన్నావు.

అట్లాంటిది లేదు. నీకు రెండు కావాలి. పొరకను కూడా పారెయ్యొద్దు. ముప్పై ఏండ్లుగా ఈ చుట్టుపక్కల తోటలు వేసి, వేయించి, ఎన్నో రేక్‌లు విరగ్గొట్టి చెప్తున్న మాట ఇది.

ముందు పేరు సంగతి. తొలిసారి నేను ఇనప సామాన్ల అంగడికి పోయి ‘రేక్ ఉందా’ అంటే, ‘ఎన్ని అడుగుల రేకు సార్, ఇంటి కప్పుకా, పశువుల కొట్టానికా’ అన్నాడు. ఇప్పటికీ కొన్ని అంగళ్ళలో అదే గతి. ‘ఆకులు లాగే పళ్ళది’ అని అడుగు, వెంటనే తీసిస్తారు. పల్లెల నుంచి వచ్చిన కూలీలు దీన్ని చేతి దంతె అనడం విన్నాను. దంతె అంటే చేనులో ఎద్దులతో లాగే పళ్ళ పనిముట్టు, గుంటకకు తోబుట్టువు. పేరు సరిగ్గా నిలబడకపోవడానికి కారణం ఉంది. చేనులో దంతె, కళ్ళంలో గడ్డి తిరగేసేదానికి పంగల కట్టె, వాకిట్లో పొరక. వీటితోనే మనకు గడిచిపోయింది. ఇండ్ల ముందర లాన్లు వచ్చాకనే ఈ పనిముట్టు అవసరం పడింది. తిరుమలలో మహాద్వారం దగ్గర అనంతాళ్వార్ అనే భక్తుడి గునపం వేలాడుతుంటుంది చూశావా? పూలతోట కోసం చెరువు తవ్విన గునపం, స్వామి గడ్డానికి తగిలిందని చెప్పే గునపం. మన ఊళ్ళో తోట పనిముట్టుకు అంతటి యోగం దక్కింది. రేక్‌కు మాత్రం ఇంకా సరైన పేరే దొరకలేదు.

ఇక అసలు విషయం. రేక్ కొనేవాళ్ళందరూ ఏం లాగాలి అని ఆలోచిస్తారు. ఆకులు లాగాలి, గడ్డలు లాగాలి, రాళ్ళు లాగాలి. నేను పనివాళ్ళకు చెప్పేది వేరే: లాగినాక కింద ఏది కదలకుండా ఉండాలో అది చూడండి అంటాను. లాన్ మీద ఆకు పోవాల, గడ్డి వేరు కదలకూడదు. కంకర మీద ఆకు పోవాల, కంకర ఉండాల. మడిలో గడ్డలు, రాళ్ళు పోవాల, మెత్తటి మన్ను మిగలాల. పోవాల్సింది ఏదైనా, కింద ఉండాల్సింది మారింది కాబట్టి రేక్ మారాలి. పళ్ళు బిగువుగా ఉండాలా, సాగాలా అనేది అక్కడ తేలిపోతుంది.

బిగువు పళ్ళది ముందు చెప్తాను, మన నేలకు దాని పనే ఎక్కువ. ఒక అడ్డపట్టీ, దానికి 14 నుంచి 16 పొట్టి పళ్ళు, ఒక్కో పన్ను రెండున్నర, మూడు అంగుళాలు, పన్నుకూ పన్నుకూ మధ్య అంగుళం సందు, మొత్తం వెడల్పు 14–16 అంగుళాలు. ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో పట్టీ రెండు చివర్ల నుంచి విల్లు మాదిరి రెండు కడ్డీలు వంగి వచ్చి చేత్తో పట్టుకునే కట్టెలో కలుస్తాయి. దీన్ని బో రేక్ అంటారు. రెండోదాంట్లో కట్టె నేరుగా పట్టీ నడిమధ్యన అతుక్కుంటుంది. విల్లు ఉన్నది రాయికి తగిలినప్పుడు కొంచెం సాగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. నేరుగా అతికినదైతే దెబ్బ మణికట్టుకు వస్తుంది. కానీ తిరగేసి వీపుతో నేల చదును చేసేటప్పుడు నేరుదే బాగా ఆనుతుంది. మీది రాళ్ళున్న ఎర్రనేల, పార వేస్తే మూడోసారికి రాయి తగులుతుంది. అందుకని విల్లుదే తీసుకో.

విల్లుది దొరకకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. మన దగ్గర చాలామంది అదే చేస్తారు. అయితే పైపును పట్టీ మధ్యలో ఒక్కచోట అతికించి చేతిలో పెడితే ఒప్పుకోవద్దు. ఆరు నెలల్లో సరిగ్గా ఆ అతుకు దగ్గరే ఊడుతుంది. పైపు నుంచి పట్టీకి రెండు పక్కలా ఏటవాలుగా రెండు కడ్డీలు అతకమని చెప్పు. పళ్ళకు 8 ఎంఎం కడ్డీ చాలు. గట్టిగా ఉంటుందని 12 ఎంఎం వేస్తారు, తల బరువెక్కి పది నిమిషాలకు భుజం పడిపోతుంది. పళ్ళ కొనలు లోపలికి కొంచెం వంగి ఉండాలి, నిటారుగా దిగకూడదు.

దీంతో మొదటి పని కూరగాయల మడి. ఇక్కడ రేక్ కంటే మన్నులో తడి పదును ముఖ్యం. మన ఎర్రనేల తడి మీద కదిపితే ఇటుక అవుతుంది, ఎండినాక కదిపితే దుమ్మూ గడ్డలూ వేరైపోతాయి. గుప్పెడు మన్ను తీసి పిసుకు. ఉండ కట్టి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. అదే పదును. పారతో తిరగేసిన మరునాడు, ఆ పదునులో, రేక్‌ను ముందుకూ వెనక్కూ కదిపితే గడ్డలు వాటంతటవే చిట్లుతాయి. చిట్లని గడ్డను వీపుతో ఒక్క దెబ్బ కొట్టు. రాళ్ళను మడి అంచుకు లాగి, చివర్లో తిరగేసి వీపుతో చదును చెయ్యి. తోటకూర, మెంతుల్లాంటి సన్న విత్తనాలు చల్లినాక పళ్ళ కొనలతో అర అంగుళం కంటే లోతు పోకుండా ఊరికే గీకు. లోతుకు పోతే మొలవవు. అక్టోబరు, నవంబరు వానలకు మడి మీద పెచ్చు కట్టి మొలక పైకి రాలేకపోతుంది, అప్పుడూ ఇదే మందు: కొనలతో మెల్లగా పెచ్చు పగలగొట్టడం. మొలక కనిపించినాక మాత్రం వరసల మధ్యనే, మొలకల మీద వద్దు.

రెండో పని మామిడి చెట్ల కింద. నువ్వు అడగలేదు, అయినా చెప్తాను, చిత్తూరు జిల్లాలో పుట్టి మామిడి గురించి చెప్పకుండా ఎట్లా? పండు ఈగ పురుగు కాయలోంచి బయటికొచ్చి మన్నులో దిగి, పైన కొన్ని అంగుళాల లోపలే గూడు కట్టుకుంటుంది. పిండినల్లి కూడా చెట్టు మొదలు చుట్టూ మన్నులోనే గుడ్లు పెడుతుంది. కాయ కోత అయిపోయినాక, మళ్ళీ ఎండాకాలంలో, కొమ్మల నీడ పడే మేరకు బిగువు పళ్ళ రేక్‌తో పైమన్ను రెండు అంగుళాలు కదిపి వదిలిపెట్టు. ఎండకు కొన్ని పోతాయి, గోరింకలు కొన్ని తింటాయి. రెండు అంగుళాలు దాటొద్దు, ఆహారం తీసుకునే సన్నవేర్లు పైపైనే ఉంటాయి. పురుగు పట్టి రాలిన కాయలను మాత్రం రేక్‌తో ఒక మూలకు నెట్టి మర్చిపోకు. ఏరి గుంతలో పూడ్చేయాల.

ఇంకో మాట. మామిడి కింద ఆకు మొత్తం లాగేసి నేల అద్దంలా ఉంచితేనే శుభ్రం అనుకుంటారు. నేనూ మొదట్లో అట్లే చేసేవాణ్ణి. ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల పెనం మాదిరి కాలుతుంది, పోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. ఇప్పుడు ఆకును ఒక పక్కకు లాగుతాను, మన్ను కదుపుతాను, వారం ఎండనిచ్చి ఆకు తిరిగి పరుస్తాను, మొదలుకు తాకకుండా ఒక అడుగు వదిలి. మచ్చతెగులు పట్టిన ఆకు ఉంటే అది తిరిగి వెయ్యను. కాబట్టి మామిడి ఆకు పూర్తిగా చెత్త కాదు. ఎంత లాగాలి, ఎక్కడికి లాగాలి అనేది నీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు సాగే పళ్ళది, విసనకర్ర మాదిరి విప్పారి ఉండేది. ఫ్యాన్ రేక్ అంటారు, లీఫ్ రేక్ అన్నా ఇదే. 18 నుంచి 24 అంగుళాల వెడల్పు, ఇరవై పైన పళ్ళు, కొనలు కొక్కెంలా వంగి ఉంటాయి. దీని పని ఊడ్చడమే. నేలలో దిగకూడదు, దిగనివ్వకూడదు. నీ లాన్‌కు, కంకర దారికి, వేప కింద వాకిలికి ఇదే.

ఇది మూడు రకాల్లో దొరుకుతుంది, నీ ప్లాస్టిక్‌ది ఎందుకు పోయిందో ఇక్కడ తెలుస్తుంది. ప్లాస్టిక్ తేలిక, తడి ఆకులకు మంచిది. ఉక్కు పళ్ళయితే తడి ఆకు వాటికి గుచ్చుకుని ఇస్తరాకుల కట్టలా తయారవుతుంది, ప్రతి నాలుగు లాగులకూ చేత్తో పీకాల. ప్లాస్టిక్ వెడల్పు పన్నుకు ఆ బాధ లేదు. కానీ మన ఎండకు ప్లాస్టిక్ ఆగదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో గోడకు ఆనించి పెట్టావంటే పెళుసెక్కి, బిస్కెట్టు మాదిరి విరుగుతుంది. నువ్వు మిద్దె మీద పెట్టానని రాశావు, సంగతి అదే. రేక్ తప్పు సగం, ఎండ తప్పు సగం.

వెదురుది గడ్డికి అన్నిటికంటే మెత్తన. ఎండకు పళ్ళు పెళుసెక్కుతాయి గనుక, వాడే ముందు కొనలు కాసేపు నీళ్ళలో నానబెడితే విరగవు. అట్లాగని వానలో వదిలేస్తే కొక్కేలు విప్పుకుని నిటారవుతాయి. బాగా చూసుకునేవాళ్ళకు మంచిది, మనలాంటివాళ్ళకు ఒక్క సంవత్సరం.

ఉక్కు స్ప్రింగు పళ్ళది నేను నీకు చెప్పేది. వంచితే వంగి, వదిలితే వెనక్కి రావాలి. అంగడిలోనే ఒక పన్నును వేలితో పక్కకు లాగి వదులు. వంగినచోటే ఉండిపోతే అది స్ప్రింగు ఉక్కు కాదు, ఊరికే తీగ, కొనొద్దు. పళ్ళను కలిపే అడ్డతీగ కదలకుండా ఉండాలి. పళ్ళు దగ్గరికీ దూరానికీ జరుపుకునే సర్దుబాటు రకం ఒకటి ఉంది, 7 అంగుళాల నుంచి 22 దాకా విప్పుకుంటుంది. చూడ్డానికి ఒకే రేక్‌తో అన్ని పనులూ అయ్యేలా ఉంటుంది. ఆ బిగింపు బిళ్ళ దుమ్ము పట్టి జారుతుంది, లాగుతుంటే మూసుకుపోతుంది. నేను రెండు వాడి వదిలేశాను. కొందరికి బాగా నడిచిందని చెప్పగా విన్నాను, నాకు నడవలేదు.

ఆకును బట్టి కూడా చూడు. మామిడాకు, బాదం ఆకు ఏ ఫ్యాన్ రేక్‌కైనా వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో వేప రాలేటప్పుడు సన్నటి రెబ్బలన్నీ పళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. చింత, తురాయి అయితే ఇంకా అన్యాయం. అక్కడ రేక్ గొప్ప చూపించొద్దు, ఈనెలతో కట్టిన పొరకే రాజు. అందుకే పారెయ్యొద్దన్నది. అమ్మ నడుముకు కారణం పొరక కాదు, పొట్టి పొరక. దాన్నే ఒక నాలుగడుగుల వెదురుకు బిగించి కట్టివ్వు.

లాన్ మీద నేను చేసిన తప్పు చెప్తాను. కొత్తలో ఒక అతిథిగృహం ముందర కార్పెట్ గ్రాస్ పరిచి నెల కాలేదు. వానకు ఆకు పడింది. చేతికి బిగువు పళ్ళ రేక్ దొరికింది, దాంతోనే లాగేశాను. ఆకుతో పాటు గడ్డి పలకలు పలకలుగా లేచొచ్చింది, చాప చుట్టినట్టు. కార్పెట్ గ్రాస్ వేరు పైపైనే ఉంటుంది, తడి నేలలో పట్టు ఇంకా తక్కువ. తిరిగి పరిచిన ఖర్చు నా కూలీలోనే పోయింది. లాన్ మీద ఎప్పుడూ సాగే పళ్ళదే, నేల ఆరినాకనే, కట్టెను బాగా కిందికి వాల్చి, కొక్కేలు గడ్డి కొనలను మాత్రమే తాకేలా.

గడ్డి కింద ఎండిన తీగలు అట్టలా పేరుకుంటే దాన్ని చీల్చేదానికి కత్తి పళ్ళ రేక్ ఒకటి అమ్ముతారు. ఆ అట్ట అర అంగుళం దాటితేనే బాధ. గరిక జాతులకు, కొరియన్ గ్రాస్‌కు అది ఎక్కువ, నీ కార్పెట్ గ్రాస్‌కు తక్కువ. నువ్వు కొనాల్సిన పని లేదు. జూన్, జూలైలో వానలు పడి గడ్డి ఊపు మీద ఉన్నప్పుడు ఉక్కు ఫ్యాన్ రేక్‌తో నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొంచెం ఒత్తి లాగు. ఏప్రిల్, మేలో మాత్రం ముట్టుకోకు, లేచిన వేరు మళ్ళీ పట్టదు.

కంకర దారికి ఆకు తీసేదానికి అదే ఫ్యాన్ రేక్, చెయ్యి తేలిగ్గా పెట్టి. కారు చక్రాలకు కంకర పక్కకు పోయి గాడి పడితే బిగువు పళ్ళదానితో మధ్యకు లాగి, వీపుతో సర్దు. మూడు అడుగుల వెడల్పు అల్యూమినియం రేక్‌లు చూసి ఉంటావు. కొత్తగా లాన్ పరిచే ముందు నేల మట్టం చేసేవాళ్ళకు అవి. 12 సెంట్లకు ఒక పలకకు తాడు కట్టి లాగితే అదే పని అవుతుంది.

కట్టె గురించి ఎవరూ అడగరు, నడుము నొప్పి మాత్రం అక్కడి నుంచే వస్తుంది. రేక్‌ను నిటారుగా నిలబెడితే కట్టె కొన నీ గడ్డానికీ ముక్కుకూ మధ్యన రావాలి. అంగళ్ళలో వచ్చేవి చాలావరకు నాలుగు అడుగులే, వంగి పని చెయ్యక తప్పదు. తల ఒక్కటే కొని, కట్టె వేరే వేసుకో. సరుగుడు కట్టె చవక, నేరుగా ఉంటుంది, కానీ బాగా ఎండినదే తీసుకో, పచ్చిదైతే వంకర తిరుగుతుంది. ఇనప పైపు విరగదు నిజమే, మే నెల పదకొండు గంటలకు పట్టుకుని చూడు తెలుస్తుంది. పైపే వేస్తే పాత సైకిల్ ట్యూబు తొడుగు. అమ్మ, నువ్వు ఒకే ఎత్తు ఉండరు కదా, ఫ్యాన్ రేక్‌కు రెండు కట్టెలు చేయించు, స్క్రూ తీసి మార్చుకునేట్టు.

ఎండాకాలంలో కట్టె ఎండి తల వదులవుతుంది. అందరూ చేసేది, రాత్రంతా బకెట్టు నీళ్ళలో నిలబెట్టడం. ఆ రోజుకు బిగుస్తుంది, ఆరినాక ఇంకా వదులవుతుంది. సన్న చెక్క చీల కొట్టి, పక్క నుంచి ఒక స్క్రూ వెయ్యి. కట్టెకు ఏడాదికొకసారి లిన్సీడ్ (అవిసె) నూనె పట్టిస్తే పగలదు.

లాగేటప్పుడు ఒక్కో లాగు చెయ్యి చాచినంత దూరమే. దూరంగా వేసి నడుము తిప్పి లాగితే సాయంత్రం తెలుస్తుంది. కాసేపు కుడిచెయ్యి ముందు, కాసేపు ఎడమచెయ్యి ముందు పెట్టు. కుప్పను పాత చీర మీదికో, యూరియా సంచులు కుట్టిన పట్ట మీదికో లాగి ఈడ్చుకుపో, గంపలకెత్తే పని ఉండదు.

మీది కొండకు దగ్గర ఇల్లు కాబట్టి ఇది మాత్రం మరిచిపోవద్దు: ఆకుల కుప్ప రెండు రోజులున్నా సరే, చెయ్యి పెట్టే ముందు రేక్‌తో దూరం నుంచి తిరగెయ్యి. రక్తపింజరి ఎండుటాకులో పడుకుంటే మన కంటికి ఆకు లాగే కనిపిస్తుంది. కట్లపాము, తేలు సంగతి చెప్పక్కర్లేదు. రేక్‌ను కూడా పళ్ళు పైకి పెట్టి నేల మీద పడెయ్యకు. పన్ను కాలికి దిగుతుంది, లేదా తొక్కగానే కట్టె లేచి మూతికి కొడుతుంది. సినిమాలో నవ్వొస్తుంది, నాకు పై పన్ను ఒకటి పోయింది. ఇప్పుడు వసారాలో నీడ పట్టున రెండు మేకులు కొట్టి తలకిందులుగా తగిలిస్తున్నాను.

ఇంతకూ నీ విరిగిన ప్లాస్టిక్ రేక్ ఇంకా ఉందా? రెండు పక్కల విరిగిన పళ్ళను మొదటికంటా కోసేసి, మధ్యన బాగున్న ఏడెనిమిది పళ్ళు ఉంచు. మల్లె పొదల కింద, మందారాల మధ్యన పెద్ద రేక్ దూరదు, అక్కడ ఆకులు లాగేదానికి అది సరిగ్గా సరిపోతుంది. ఈసారి మిద్దె మీద పెట్టకు.